చేర్చుట సగము, నిలుపుట సగము

ఇల్లలుకగనే పండుగ కాదని మన పెద్దలందురు. కుమార్తెను కళాశాలలో చేర్చిన దినమున మన గృహములలో నిజముగ పండుగయే జరుగుచున్నది. క్రొత్త పుస్తకములు, క్రొత్త సంచి, గుడిలో కొబ్బరికాయ, ఇరుగుపొరుగులకు మిఠాయి. ఆ సంతోషము తగినదే. కాని మూడు సంవత్సరముల పిదప ఆ బాలిక పట్టము పుచ్చుకొనెనా, నడుమనే ఇంటికి మఱలెనా యని విచారించువారు మాత్రము తక్కువ. చేరినవారి లెక్కను కళాశాలలు గర్వముతో చెప్పుకొనును. జాఱిపోయినవారి లెక్క నడుగువారు అరుదు. ఈ నెల మేము సోదరీమణులతో ముచ్చటింప దలచినది ఆ రెండవ లెక్కను గూర్చియే.

నెల్లూరు జిల్లాకు తూర్పున సముద్రము, మాగాణి, పడమట మెట్ట. ఆ మెట్టసీమలో ఉదయగిరి, ఆత్మకూరుల ప్రాంతమున నున్నది వింజమూరు. వాన చాలిన యేట పొగాకు, మినుము, నిమ్మ ఇంటికి నాలుగు రూకలు తెచ్చును. వాన చాలని యేట ఇంటిలోని వారు పని వెదకుకొనుచు పట్టణముల దారి పట్టుదురు. ఇట్టి చోట ఆడపిల్ల ఇంటర్మీడియటు ముగించుటయే ఒక విజయము. ఆపైన కోరిన చదువు కొఱకు ఉదయగిరికో, ఆత్మకూరునకో, కలిగిరి మీదుగా కావలికో, మఱింత దూరమున నున్న నెల్లూరునకో పోవలసినవారు పలువురు. ఈ బాలికల చదువు ఏల నిలుచుచున్నది, ఏల తెగుచున్నది అని తెలిసికొన్నచో, ఇట్టి ఊళ్లన్నింటి సంగతియు తెలిసికొన్నట్లే.

దేశమంతటను చూచినచో స్త్రీలు కళాశాల గడప దాటుటలో పురుషులకు తీసిపోవుట లేదు. భారత ప్రభుత్వము వారి 2021-22 ఉన్నత విద్యా సర్వే ననుసరించి, 18 మొదలు 23 ఏండ్ల వయసు గల జనసంఖ్యతో పోల్చగా ఉన్నత విద్యలో చేరిన స్త్రీలు నూటికి 28.5, పురుషులు 28.3. ఒక శతాబ్దమునకు పూర్వము ఎవ్వరును ఊహింపని మాట యిది. అయినను దీని ప్రక్కనే మఱియొక సంఖ్యను ఉంచి చూడవలయును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన ఆంధ్రప్రదేశమున 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29.3 మందికి 18 ఏండ్లు నిండక మునుపే వివాహమైనట్లు తేలినది. దేశమునకు మొత్తముగ ఆ సంఖ్య 23.3. గడప వఱకు వచ్చినవారిని వెనుకకు లాగు చేతులు ఇంకను బలముగనే యున్నవని దీని భావము.

బాలిక చదువు ఒక్క దినమున మానదు. ఇది తల్లులు ముఖ్యముగ గమనింపవలసిన విషయము. ఆమె కొంచెము కొంచెముగ జాఱిపోవును. ప్రొద్దుటి బస్సు తప్పి మొదటి పాఠము పోవును. ఆ పాఠము పోయినందున రెండవ పాఠము అర్థము కాదు. అర్థము కాలేదని చెప్పుటకు సిగ్గు. ఆంగ్లమున అడుగలేదు, తెలుగున అడిగిన నవ్వుదురేమో యను సంకోచము. ఇంతలో ఇంటిలో చిన్నవానికి జ్వరమో, చేను కోతయో వచ్చి నాలుగు దినములు మానును. తిరిగి వెళ్లినప్పుడు ఏమమ్మా, ఎక్కడికి పోతివని అడిగినవారుండరు. హాజరు నూటికి 75కు తగ్గును. పరీక్ష ఫీజు గడువు వచ్చును. అదే సమయమున దూరపు బంధువులు ఒక సంబంధము తెత్తురు. అప్పుడు చదువు మానుట ఒక నిర్ణయముగ గూడ తోచదు, సహజముగ జరిగిపోయిన కార్యమువలె తోచును. ‘చదువు మీద శ్రద్ధ లేదు’ అని ఊరివారు తేల్చివేయుదురు. శ్రద్ధ ఉన్న దినములలో ఆమెకు తోడు నిలిచినవారెవరని అడుగరు.

అమెరికా దేశమున విన్సెంట్ టింటో అను ఆచార్యుడు విద్యార్థులు కళాశాలల నేల విడుచుచున్నారను విషయమును చిరకాలము పరిశోధించి 1987లో ఒక గ్రంథము ప్రకటించెను. బుద్ధి చాలక విడుచువారికంటె, ఆ విద్యాలయము తమది యను భావము కలుగక విడుచువారు పెక్కురని ఆయన సిద్ధాంతము. పాఠముతో సంబంధము, తోడివారితో సంబంధము, ఈ రెండును ముడివడినచో విద్యార్థి నిలుచును. రెండును వదులైనచో పోవును. మన యింటి కోడలు అత్తవారింట ఎప్పుడు నిలదొక్కుకొనునో తెలిసిన స్త్రీలకు ఈ సిద్ధాంతమును వివరించి చెప్పనక్కఱలేదు. పని చేతికి వచ్చి, మాట్లాడుటకొక మనిషి దొరికిననాడే ఆ యిల్లు తనదగును.

ఈ సంగతిని మన ఆంధ్ర స్త్రీలు పూర్వమే ఎఱుగుదురు. నెల్లూరు సీమ ఆడపడుచు పొణకా కనకమ్మగారికి బాల్యముననే వివాహమైనది. పాఠశాల చదువు లేకయే ఇంటనుండి స్వయంకృషిచే విద్య గడించిరి. తాము పడిన లోటు తరువాతి బాలికలకు కలుగరాదని 1923లో నెల్లూరున శ్రీ కస్తూరిదేవి విద్యాలయమును నెలకొల్పిరి. 1929లో గాంధీమహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను.

దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారి చరిత్ర మన ప్రస్తుత విషయమునకు మఱింత దగ్గఱ. బాల్యవివాహ బంధమునుండి బయటపడి, స్వాతంత్ర్యోద్యమమున చెఱసాలల ననుభవించి, ఆ పిదప ఆమె మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండిరి. పైచదువునకు వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చేరబోగా అచ్చట స్త్రీలకు వసతిగృహము లేదను అడ్డంకి యెదురైనది. చదువుటకు అర్హత కలదు, కోరిక కలదు. తల దాచుకొనుటకు చోటు లేదు. ఆమె వెనుదిరుగలేదు. తనవలెనే వసతి లేక ఆగిపోయిన బాలికలను కూడగట్టి వసతి నేర్పఱచుకొని చదువు సాగించిరి. ఒకరికి అడ్డమైన ఱాయి పదిమందికి అడ్డమని గ్రహించుట ఆమె గొప్పతనము. 1937లో మద్రాసున ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, చదువు నడుమ తెగిన స్త్రీలకు తక్కువ కాలములో పరీక్షలకు తరిఫీదు నిచ్చెను. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె అధ్యక్షురాలైన పిదప, 1958 నుండి ఆ పద్ధతియే సంక్షిప్త విద్యాక్రమమను పేర దేశమంతటను వ్యాపించెను.

వసతియు, తోడును ఉన్నంతమాత్రమున చాలునా? చాలదు. పాఠము గూడ పట్టి నిలుపునదిగ నుండవలెను. దీనికి నిదర్శనము వింజమూరు ప్రక్కనే కలదు. కలిగిరి మండలమున దూబగుంట అను చిన్న గ్రామము. 1990వ దశకపు తొలి సంవత్సరములలో నెల్లూరు జిల్లాయందు అక్షరాస్యతా ఉద్యమము సాగినప్పుడు, పగలెల్ల కూలి చేసి అలసిన స్త్రీలు రాత్రిపూట దీపము క్రింద పలకలు పట్టిరి. అట్టివారు నాలుగు దినములు వచ్చి మానివేయుదురని పలువురు తలచియుందురు. కాని వారు మానలేదు. ఏలయన, వారి వాచకములలోని పాఠములు వారి బ్రతుకులను గూర్చినవే. కూలి డబ్బు సారాపాలై చెడిన సంసారముల కథ అందు పాఠముగ నుండెను. అక్షరములు కూడబలుకుకొనుచు చదివిన స్త్రీలు అది తమ యింటి కథయే యని గ్రహించిరి. చదివి ఊరకుండక, తమ ఊరిలో సారా అంగడిని మూయించిరి. వర్ధినేని రోశమ్మ, ఊరి పేరనే దూబగుంట రోశమ్మగా ప్రసిద్ధి కెక్కినది. ఆ దూబగుంట కథయే తిరిగి తరువాతి వాచకమున పాఠమై, ఇతర గ్రామముల స్త్రీలచే చదువబడెను. 1992లో జిల్లాయంతట సారా వేలముల నడ్డగించిరి. 1993 ఏప్రిలున నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను.

దూబగుంట మనకు బోధించునది సారా విషయము మాత్రమే కాదు. అలసినవారు, పేదలు, వయసు మీఱినవారు, ఎన్నడు బడి మెట్టు ఎక్కనివారు గూడ చదువును విడువరు. ఆ చదువు వారి చేతికి పని చెప్పి, నోటికి మాట యిచ్చి, నలుగురితో కలిపినచో. నేటి విద్యావేత్తలు పాల్గొని నేర్చుకొనుట యని చెప్పునది ఇదియే. గురువు చెప్పుచుండగా వ్రాసికొని, పరీక్షనాడు ఒప్పగించుట గాక, ప్రశ్నించుచు, చర్చించుచు, చేసిచూచుచు, ఒకరికొకరు చెప్పుకొనుచు నేర్చుకొనుట.

ఇది కేవలము అభిప్రాయము గాదు. విజ్ఞాన, గణిత శాస్త్రముల బోధనను గూర్చిన 225 పరిశోధనలను కొందఱు పండితులు అమెరికాలో కలిపి చూచి 2014లో ఫలితములు ప్రకటించిరి. ఉపన్యాసము మాత్రమే వినిన తరగతులలో తప్పినవారు నూటికి 34. విద్యార్థులు స్వయముగ పాల్గొనిన తరగతులలో 22. 2020లో ప్రకటింపబడిన మఱియొక పరిశీలన యింకను ముఖ్యమైనది. ఇట్టి బోధనవలన విద్యలో వెనుకబడిన వర్గముల విద్యార్థులకు, తక్కినవారికి నడుమ పరీక్షా ఫలితములలోని అంతరము మూడవవంతు తగ్గెనట. అనగా మంచి బోధన అందఱికిని మేలు చేయును. వెనుక నున్నవారికి అధికముగ మేలు చేయును. దీనినే మేము సమత యందుము.

సమత యన అందఱికి ఒకే కొలత యని కొందఱు భ్రమపడుచున్నారు. తొమ్మిదిన్నర గంటకు మ్రోగు గంట అందఱికి ఒక్కటియే. కాని కళాశాల వెనుక వీధినుండి వచ్చు బాలికకును, తెల్లవారుజామున లేచి నీళ్లు పట్టి, వంటలో చేయి వేసి, రెండు బస్సులు మాఱి వచ్చు బాలికకును ఆ గంట ఒకే తీరున మ్రోగునా? ఇంటిలో పళ్లెమున అన్నము వడ్డించునప్పుడు ఏ తల్లియు గరిటెలు లెక్కించి సమముగ పెట్టదు. ఆకలి చూచి పెట్టును. విద్యలోను అంతే.

ఆకలి చూచి పెట్టినచో ఏమగునో చూపు దృష్టాంతములు కలవు. న్యూయార్కు నగర విశ్వవిద్యాలయము వారు 2007లో తమ రెండేండ్ల కళాశాలలలో ఒక ఏర్పాటు చేసిరి. ఫీజులో తక్కువపడిన సొమ్ము నిచ్చుట, పుస్తకముల ఖర్చు భరించుట, ప్రయాణమునకు రైలు చీటీ నిచ్చుట, కొద్దిమంది విద్యార్థులకొక సలహాదారు నుంచి తఱచుగ పలుకరించుట అందలి అంశములు. లాటరీ పద్ధతిని విద్యార్థులను రెండు గుంపులు చేసి పరీక్షింపగా, మూడేండ్లలో పట్టము పొందినవారు ఈ సహాయము గల గుంపున నూటికి 40, లేని గుంపున 22. ఇందులో ఏ ఒక్కటియు బ్రహ్మవిద్య కాదు. కాని అన్నియు ఒక్కచోట, ఒక్కసారిగ, విడువక అందినవి. అందులోనే బలము కలదు.

అంత దూరము పోనేల? బీహారు ప్రభుత్వము 2006లో ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్ల నీయ నారంభించెను. దానివలన తగిన వయసులో ఉన్నత పాఠశాల చేరిన బాలికల సంఖ్య నూటికి 32 వంతున పెరిగినట్లు పరిశోధకులు లెక్క కట్టిరి. పాఠశాలకు దూరమైన గ్రామములలోనే లాభము అధికము. బుద్ధియు, శ్రద్ధయు అంతకు మునుపును ఉన్నవే. దారి మాత్రము లేదు.

మన రాష్ట్రమునను దారి కొంత తెఱచుకొన్నది. 2025 ఆగస్టు 15నుండి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మున్నగు బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము లభించినది. వింజమూరు బాలికకు నెలనెలయు మిగులు ఆ చార్జీ తక్కువ మాట గాదు. కాని టికెట్టు లేనంతమాత్రమున బస్సు వేళకు రాదు. సాయంకాలము ఆఖరి పాఠమునకును, ఇంటికి పోవు బస్సునకును పొత్తు కుదుర్చుట కళాశాలవారును, డిపోవారును, తల్లిదండ్రులును కూర్చుండి మాట్లాడుకొనిన తీరును. అడిగిన వారుండవలెను, అంతే.

పాఠ్యక్రమమునను మార్పులు వచ్చినవి. 2020-21 నుండి డిగ్రీ విద్యార్థులు గ్రామములకు పోయి సామాజిక సేవా ప్రాజెక్టు చేయుట, ఇంటర్న్‌షిప్పున పని నేర్చుట మన రాష్ట్రమున చదువులో భాగమైనవి. సేవా ప్రాజెక్టునకు 180 గంటలు కేటాయించిరి. దీనిని కాగితము నింపు పనిగ చేయవచ్చును. దూబగుంట పాఠమువలెను చేయవచ్చును. రసాయన శాస్త్రము చదువు బాలిక తన ఊరి బావినీటిని పరీక్షించి ఫలితమును పంచాయతీకి చెప్పినచో, వాణిజ్య శాస్త్రము చదువు బాలిక పొదుపు సంఘపు లెక్కలు చూచి అత్తమ్మలకు వివరించినచో, ఆ శాస్త్రము ఆమెదగును. ఊరివారికిని ఆడపిల్ల చదువు కంటికి కనబడును. తాను పనికివచ్చుదునని తెలిసిన పిల్ల చదువు సులభముగ మానదు. మాన్పించుటయు ఇంటివారికి సులభము గాదు.

మఱియొక అడ్డు భాష. 2021-22నుండి డిగ్రీ చదువులన్నియు ఆంగ్ల మాధ్యమముననే సాగునట్లు రాష్ట్రమున నిర్ణయించిరి. పదవ తరగతి వఱకు తెలుగున చదివిన పిల్లకు ఇది నడిసముద్రమున దింపినట్లుండును. ఆంగ్లము వలదని మేమనుట లేదు. మొదటి ఆఱు నెలలు పాఠము చివర పది నిమిషములు తెలుగున వివరించి, సందేహములు తెలుగున అడుగ నిచ్చి, నలుగురైదుగురి గుంపులుగ కలిసి చదివించినచో ఆ సముద్రము ఈదదగినదే. పైతరగతి బాలికలను క్రిందితరగతి వారికి అక్కలుగ నేర్పఱచిన మఱియు మేలు. చెప్పువారికిని పాఠము గట్టిపడును.

ఇక గృహిణులు చేయదగిన పనులు కొన్ని మనవి చేయుదుము. మొదటిది, చేరిన తొలి ఆఱు వారములును బాలికను కనిపెట్టి యుండుడు. మార్కులడుగుట గాదు, నేడు ఎవరితో కలిసి అన్నము తింటివి, ఏ పాఠము తెలియలేదు అని అడుగుడు. పేరు చెప్పుటకు ఒక స్నేహితురాలు గూడ లేదన్నచో అది జ్వరముకంటె ఎక్కువగ విచారింపదగిన సంగతి. రెండవది, ఇంటిపనిలో అన్నదమ్ములకును పాలు పంచుడు. రాత్రి ఒక గంట ఆమెదిగా విడువుడు. మూడవది, పరీక్ష ఫీజు, ఉపకారవేతనపు దరఖాస్తుల గడువులు గోడమీది క్యాలెండరున గుర్తు పెట్టుడు. ప్రభుత్వపు సొమ్ము ఆలస్యమగు నెలలకై పొదుపు సంఘమున ముందుగనే మాట చెప్పి యుంచుడు. నాలుగవది, కళాశాలకు పిలువకపోయినను ఏడాదికి రెండుసార్లు పోయి ఒక్క ఉపాధ్యాయురాలినైన పరిచయము చేసికొనుడు. పిల్ల రెండు దినములు రానిచో ఫోను చేయుమని కోరుడు.

ఐదవది సంబంధముల సంగతి. మంచి సంబంధము మఱల రాదని భయపెట్టువారుందురు. పద్దెనిమిది నిండక చేయుట చట్టవిరుద్ధమని అందఱు ఎఱిగినదే. నిండిన పిదప గూడ, మిగిలిన ఒకటి రెండేండ్లు ఆగలేని సంబంధము తరువాతి కాలమున ఆ పిల్ల కష్టసుఖముల నేమి చూచును? ఒకవేళ వివాహమైనను చదువు ముగియలేదు. వివాహితలగు విద్యార్థినులకు ప్రసూతి సెలవును, హాజరులో సడలింపును ఇయ్యవలసినదిగ విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2021 డిసెంబరులో విద్యాసంస్థలను కోరిరి. ఈ సంగతి తెలియక చదువు విడుచుచున్న కోడండ్రు కలరు. తెలిసిన అత్తగారు చెప్పిన అంతకంటె దీవెన లేదు.

నడుమ విడిచినవారును చింతింప బనిలేదు. దూర విద్య మన తెలుగుసీమకు క్రొత్తది గాదు. దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదుననే వెలసినది. 2020 నూతన విద్యావిధానము, చదివినంత మేఱకు సంపాదించిన క్రెడిట్లు నిలిచియుండి, మఱల వచ్చి కొనసాగించు అవకాశమును సూచించినది. ఒకప్పుడు ఆంధ్ర మహిళా సభలో సంక్షిప్త విద్య నభ్యసించినవారు గూడ నడుమ తెగిన దారమును ముడివేసికొనినవారే. ముడి పడిన దారము దారము కాకపోదు.

కళాశాలలకు భవనములు కావలెను, ప్రభుత్వము సొమ్మీయవలెను, ఉపాధ్యాయుల ఖాళీలు నింపవలెను. వీనికై అడుగుచునే యుందము. కాని వింజమూరు బాలిక నేడు తరగతిలో ఉన్నదా లేదా యని చూచుటకు ఏ ఉత్తరువును రానక్కఱలేదు. ఆమె లేనినాడు ఇంటిలో ఒకరు, కళాశాలలో ఒకరు ఆమెను పేరుపెట్టి అడిగిన చాలును. విత్తు నాటుట ఒక దినపు పని. పైరును కాచుట ఆఱు నెలల పని. మెట్ట సేద్యము చేయు మన తల్లులకు ఆ ఓర్పు క్రొత్తది గాదు.